యూరియా సేంద్రియం అయితే పొలంలో ఎందుకు వద్దు? పదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నిన్న పదో తరగతిలో కార్బన్ సమ్మేళనాల పాఠం మొదలుపెట్టాను. 1828లో వోలర్ అనే జర్మన్ రసాయనవేత్త యూరియాను ప్రయోగశాలలో చేశాడు, దాంతో ప్రాణశక్తి సిద్ధాంతం (జీవుల్లోని పదార్థాలను ప్రాణశక్తి ఒక్కటే చేయగలదన్న నమ్మకం) కూలిపోయింది, ప్రయోగశాలలో పుట్టిన మొదటి సేంద్రియ పదార్థం అదే అని ఏటా చెప్పినట్టే చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "టీచర్, మా నాన్న ఈ ఏడాది సేంద్రియ వ్యవసాయం చేస్తున్నాడు. యూరియా బస్తా గట్టు కూడా ఎక్కకూడదని చెప్పారంట. యూరియా సేంద్రియమే అయితే ఎందుకు వద్దంటారు?" అని అడిగింది.

"మాట ఒకటే, అర్థాలు వేరమ్మా" అని పాఠంలోకి వెళ్లిపోయాను. అది జవాబు కాదని ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసింది. ఇంటికొచ్చినా అదే ఆలోచన. ఒక మాటకు రెండు అర్థాలు ఎప్పుడు వచ్చాయి, ఎందుకు వచ్చాయి? సోమవారం ఆ అమ్మాయికి సరిగ్గా చెప్పాలి. తెలిసినవాళ్లు సాయం చేయండి.

రైతుబిడ్డ:
టీచర్ గారూ, ఆ పిల్లకి, వాళ్ల నాన్నకి నా నమస్కారాలు. రైతుకి ఇందులో గందరగోళం లేదండి. పశువుల పేడ, వేపపిండి, జీలుగ, వర్మీ కంపోస్టు ఇవి సేంద్రియం. ఫ్యాక్టరీలో చేసింది రసాయనం. మా వైపు రామగుండంలో యూరియా చేస్తారు. సహజవాయువు నుంచి అమ్మోనియా తీస్తారు, దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపి ఒత్తిడి మీద యూరియా చేస్తారు. అందులో ఆకు లేదు, పేడ లేదు. నూటికి 46 పాళ్లు నైట్రోజన్ ఉన్న తెల్ల గుళికలు. దాన్ని సేంద్రియం అంటే నాకు మింగుడు పడదు. మాట మార్చుకోవాల్సింది కెమిస్ట్రీ వాళ్లే.

పాతపుస్తకం:
రైతుబిడ్డ గారి మాటను తేలిగ్గా తీసేయలేం. రెండు వందల ఏళ్ల కిందట కెమిస్ట్రీ వాళ్లూ అచ్చం అలాగే అన్నారు. వస్తువులో ఏముంది అని కాదు, అది ఎక్కడ పుట్టింది అని చూసేవాళ్లు.

1675లో పారిస్‌లో నికొలా లెమెరీ వేసిన రసాయన పాఠ్యపుస్తకంలో పదార్థాలకు మూడు ఇళ్లు ఉన్నాయి: ఖనిజాలవి, మొక్కలవి, జంతువులవి. ఇంకో వందేళ్లకు స్వీడన్‌లో షీలే వచ్చాడు. మందులు తయారుచేసి అమ్మే వృత్తి ఆయనది. పులిసిన పాల నుంచి లాక్టిక్ ఆమ్లం, నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లం, ఆపిల్ నుంచి మాలిక్ ఆమ్లం, ఇలా ఒక్కొక్కటీ శుద్ధంగా వేరుచేసి చూపించాడు. అదే కాలంలో లవోయిజర్ ఇలాంటి పదార్థాలను మండించి లెక్క కట్టాడు. ఎన్నిటిని మండించినా లోపల కనబడేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, కొన్నిట్లో నైట్రోజన్, ఎప్పుడైనా కాస్త ఫాస్ఫరస్.

అసలు చిక్కు ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం. రాళ్లలో, లోహాల్లో మూలకాలు చాలా ఉన్నాయి, కానీ కలిసే పద్ధతి తిన్నగా ఉంటుంది. జీవుల్లో మూలకాలు మూడో నాలుగో, పదార్థాలు మాత్రం లెక్కలేనన్ని. పంచదార, నూనె, ఆల్కహాల్, వెనిగర్ అన్నిట్లో ఉన్నవి ఆ మూడే. అవే ఇటుకలతో ఇన్ని రకాల ఇళ్లు కట్టే మేస్త్రీ ఎవరు? ఆనాటి వాళ్లకు దొరికిన సమాధానం ప్రాణశక్తి. అది మూఢనమ్మకం కాదు. చేతిలో ఉన్న సాక్ష్యానికి అప్పటికి అంతకంటే మంచి వివరణ లేదు.

1806 ప్రాంతంలో స్టాక్‌హోమ్‌లో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే బెర్జీలియస్ "ఆర్గానిక్ కెమిస్ట్రీ" అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. ఆర్గాన్లు, అంటే అవయవాలు, ఉన్నవాటి రసాయనం అని అర్థం. 1827 నాటి తన పాఠ్యపుస్తకంలో దాన్ని శరీరధర్మశాస్త్రంలో భాగంగానే చూపాడు.

ఇప్పుడు మన తెలుగు మాట విప్పి చూడండి. స, ఇంద్రియ కలిస్తే సేంద్రియ. ఇంద్రియాలతో కూడినది. దాని ఎదురుమాట నిరింద్రియ. బెర్జీలియస్ నిర్వచనం పొల్లుపోకుండా మన మాటలో కూర్చుని ఉంది. "కర్బన రసాయన శాస్త్రం" అన్నది ఆ తర్వాతి నిర్వచనం నుంచి వచ్చిన పేరు. ఒక శాస్త్రం రెండు వయసుల్లో తీయించుకున్న రెండు ఫొటోలు అనుకోండి, రెండూ మన పుస్తకాల్లో పక్కపక్కనే ఉన్నాయి.

సుద్దముక్క:
సేంద్రియ అన్న మాట ఇన్నేళ్లుగా పలుకుతున్నాను, ఒక్కసారీ విడగొట్టి చూడలేదు. సోమవారం బోర్డు మీద మొదట రాసేది ఇదే. వోలర్ సంగతి ఎవరైనా వివరంగా చెబుతారా? నాకు తెలిసింది పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలే.

ల్యాబ్‌కోటు:
నేను చెబుతాను అక్కా, నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఇది.

వోలర్ మొదట డాక్టరు చదువు చదివాడు. హైడెల్‌బర్గ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడే, తిన్న పదార్థాల్లో ఏవేవి మూత్రంలోకి వస్తాయో పరిశోధించి బహుమతి తెచ్చుకున్నాడు. యూరియాను మూత్రం నుంచి ఫ్రాన్స్‌లో రూయెల్ 1773లోనే వేరుచేశాడు కాబట్టి వోలర్‌కి అది బాగా తెలిసిన పదార్థం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డాక్టరు పట్టా అందుకున్నాక బెర్జీలియస్ దగ్గర ఏడాది పాటు పనిచేశాడు. 1824లో సయనోజన్ అనే వాయువు మీద అమ్మోనియా ద్రావణం పనిచేయించినప్పుడు రెండు పదార్థాలు వచ్చాయి. ఒకటి ఆక్సాలిక్ ఆమ్లం, మొక్కల్లో దొరికేది. రెండోది ఏమిటో తేలని తెల్లని స్ఫటికాలు. వాటి గుట్టు నాలుగేళ్లు తెలియలేదు.

1828లో బెర్లిన్‌లో వృత్తివిద్యా పాఠశాలలో పాఠాలు చెబుతూ మళ్లీ అదే పట్టుకున్నాడు. సిల్వర్ సయనేట్ మీద అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం పోశాడు. సిల్వర్ క్లోరైడ్ అడుగున చేరితే, పైన అమ్మోనియం సయనేట్ అనే లవణం మిగలాలి. వడగట్టి ఆరబెడితే నాలుగు పలకల పట్టకాల్లాంటి రంగులేని స్ఫటికాలు వచ్చాయి. లవణం అన్నాక లవణంలా ప్రవర్తించాలి కదా? క్షారం వేస్తే అమ్మోనియా వాసన రావాలి, రాలేదు. సీసం, వెండి లవణాలతో సయనేట్ గుర్తులు కనపడాలి, కనపడలేదు. నైట్రిక్ ఆమ్లం వేస్తే మాత్రం తళతళలాడే రేకులు విడిపోయాయి. మూత్రం మీద పనిచేసిన మనిషికి ఆ రేకులు పాత పరిచయమే. మూత్రం నుంచి తీసిన యూరియాను పక్కన పెట్టి పోల్చాడు. 1817లో ఇంగ్లండ్‌లో ప్రౌట్ చేసిన యూరియా విశ్లేషణ అంకెలతో సరిచూశాడు. సరిపోయాయి.

మరొకరెవరైనా ఆ గిన్నెలో చూసి ఉంటే "ఏదో తెల్లపొడి" అని పారబోసి ఉండేవారేమో. గుర్తుపట్టే కన్ను ఉన్నవాడి చేతిలో పడింది.

గొట్టింగెన్_నుంచి:
నేను ఇక్కడ గొట్టింగెన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వోలర్ 1836 నుంచి 1882లో చనిపోయేదాకా ఇక్కడే ప్రొఫెసర్. ఊళ్లో ఆయన విగ్రహం ఉంది.

1828 ఫిబ్రవరి 22న ఆయన బెర్జీలియస్‌కి రాసిన ఉత్తరం గురించి చెప్పాలి. రసాయన మూత్రాన్ని ఇక ఆపుకోలేకపోతున్నాను, మనిషి మూత్రపిండం గానీ కుక్క మూత్రపిండం గానీ లేకుండా యూరియా చేయగలనని మీకు చెప్పి తీరాలి, అని రాశాడు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. గురువుకి రాసే ఉత్తరంలో ఆ ఉత్సాహం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అదే ఉత్తరంలో ఎక్కువమంది పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. తన వాదంలోని లొసుగును ఆయనే చెప్పేశాడు. వోలర్ వాడిన సయనేట్‌కి మూలం సయనైడ్ సమ్మేళనాలే. ఆ రోజుల్లో వాటిని ఎలా చేసేవాళ్లో తెలుసా? జంతువుల రక్తం, కొమ్ములు, గిట్టలు పొటాష్‌తో కలిపి ఎర్రగా కాల్చేవాళ్లు. అంటే ముడిసరుకు వచ్చింది జంతువు నుంచే. కాబట్టి తత్వవేత్త ఎవరైనా, ఆ జంతు బొగ్గులోంచీ దానితో చేసిన సయనైడ్‌లోంచీ జీవలక్షణం ఇంకా పోలేదు అనవచ్చు అని వోలర్ తానే రాశాడు.

పాతపుస్తకం:
గొట్టింగెన్ గారూ, ధన్యవాదాలు. మీరు చెప్పినది చూశాక నేను ఒక గట్టి మాట అనాలి. "1828లో ప్రాణశక్తి సిద్ధాంతం ఒక్క దెబ్బకు కూలిపోయింది" అన్నది చరిత్ర కాదు, తర్వాత అల్లిన కథ. 1944లో డగ్లస్ మెకీ అనే చరిత్రకారుడు నేచర్ పత్రికలో దాన్ని రసాయనవేత్తల పురాణం అని తేల్చి రాశాడు.

వోలర్ పత్రం నాలుగు పేజీలు. అందులో ప్రాణశక్తి చచ్చిపోయింది అన్న ప్రకటన లేదు. బెర్జీలియస్ కూడా ఆ ఉత్తరం చూసి తన పుస్తకం తిరగరాయలేదు. పద్నాలుగేళ్ల తర్వాత, 1842లో, ఫ్రాన్స్‌లో జెరార్డ్ లాంటి గొప్ప రసాయనవేత్త ఏమన్నాడంటే, రసాయనవేత్త చేసేదంతా కాల్చడం, విడగొట్టడం, కట్టేది ప్రాణశక్తి ఒక్కటే అన్నాడు. కూలిపోయిన సిద్ధాంతం గురించి ఎవరైనా అలా మాట్లాడతారా? వోలర్ చనిపోయాక హోఫ్మన్ రాసిన సంస్మరణలో యూరియా ఘనత బాగా పెరిగింది. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు, పిల్లల సైన్స్ పుస్తకాలు దాన్ని సినిమా క్లైమాక్స్‌లా మార్చాయి.

ఆ మాటకొస్తే "మొదటిది" అన్న మాటా నిలవదు. ల్యాబ్‌కోటు గారు చెప్పిన 1824 నాటి ఆక్సాలిక్ ఆమ్లం సంగతి ఏమిటి? అదీ మొక్కల్లోదే, అదీ వోలర్ చేసిందే, నాలుగేళ్లు ముందు.

ఇంటర్_బైపీసీ:
అన్నా, నాకు టెన్షన్ పెట్టకండి. వచ్చే నెల పరీక్షలు. ప్రాణశక్తి సిద్ధాంతాన్ని తోసిపుచ్చిన శాస్త్రవేత్త ఎవరు అని వస్తే వోలర్ అని రాయాలా వద్దా?

పాతపుస్తకం:
తమ్ముడూ, వోలర్ అనే రాయి, మార్కు నీదే. ఆ గోడకు మొదటి బీట తీసింది ఆయనే, అందులో అబద్ధం లేదు. గోడ పడడానికి మాత్రం ఇంకో ముప్ఫై నలభై ఏళ్లు, ఇంకొందరు మనుషులు పట్టారని మనసులో పెట్టుకో.

ల్యాబ్‌కోటు:
నిజానికి 1828లో వోలర్‌ని ఎక్కువ ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. అమ్మోనియం సయనేట్‌లోనూ యూరియాలోనూ ఉన్నవి అవే: ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్. కూడిక ఒకటే, పదార్థాలు రెండు. దీనికి ముందే లీబిగ్ అనే ఇంకో జర్మన్ రసాయనవేత్తతో గొడవ నడిచింది. లీబిగ్ సిల్వర్ ఫల్మినేట్ మీద పనిచేస్తున్నాడు, తాకితే పేలేది. వోలర్ సిల్వర్ సయనేట్ మీద, నెమ్మదైనది. ఇద్దరి విశ్లేషణ అంకెలూ ఒకటే వచ్చాయి. లెక్క తప్పింది మీకంటే మీకని అనుకున్నారు. చివరికి ఇద్దరి లెక్కా సరైనదే. ఇద్దరూ జీవితాంతం స్నేహితులయ్యారు. 1830లో బెర్జీలియస్ దీనికి పేరు పెట్టాడు, మనం అణుసాదృశ్యం అంటున్నది అదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పాతపుస్తకం గారు అడిగిన మేస్త్రీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే మొలకెత్తింది. ఏ ఇటుకలు ఎన్ని అన్నదొక్కటే కాదు, ఏ ఇటుక పక్కన ఏది అన్నది ముఖ్యం. ఈ ఆలోచన పుట్టాక ప్రాణశక్తితో పని తగ్గిపోయింది. ఎవరూ దాన్ని చంపలేదు, అవసరం తీరిపోయింది.

రైతుబిడ్డ:
బాగా చెప్పారు, ఆసక్తిగా ఉంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఎక్కడ పుట్టింది అన్న లెక్క పోయి, కార్బన్ ఉందా లేదా అన్న లెక్క ఎప్పుడొచ్చింది? ఎవరు మార్చారు?

పాతపుస్తకం:
ఒక్కరోజులో మారలేదండి. మధ్యలో ఇంకో నిర్వచనం వచ్చిపోయింది, దాన్ని ఇప్పుడు అందరూ మర్చిపోయారు.

1832లో వోలర్, లీబిగ్ కలిసి చేదు బాదం నూనె మీద పనిచేశారు. దాన్ని ఎన్ని రకాలుగా మార్చినా లోపల ఒక గుంపు చెక్కుచెదరకుండా ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి వెళుతోంది. దానికి బెంజాయిల్ అని పేరు పెట్టారు. మూలకం కాదు, కానీ మూలకంలా నడుచుకుంటోంది. దీన్ని ఆధారం చేసుకుని 1837లో డ్యూమా, లీబిగ్ కలిసి ఒక ప్రకటన చేశారు: ఖనిజ రసాయనంలో ప్రాతిపదికలు (రాడికల్స్, అంటే చెక్కుచెదరకుండా ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి వెళ్లేవి) మూలకాలే, సేంద్రియ రసాయనంలో ప్రాతిపదికలు సమ్మేళనాలు, తేడా అంతే, కలిసే నియమాలు రెండు చోట్లా ఒకటే. ఇక్కడ జీవి అన్న మాట నిర్వచనంలోంచి జారిపోయింది. నా దృష్టిలో 1828 కంటే ఇదే పెద్ద మలుపు.

అయితే ఆ రాడికల్ సిద్ధాంతం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. హైడ్రోజన్ తీసి క్లోరిన్ పెట్టినా పదార్థం గుణం పెద్దగా మారడం లేదని డ్యూమానే చూపించాడు. చెక్కుచెదరదు అనుకున్న గుంపు లోపలే మార్పులు జరుగుతున్నాయి.

గొట్టింగెన్_నుంచి:
ఆ గందరగోళంలో ఉండగా 1835 జనవరిలో వోలర్ బెర్జీలియస్‌కి మళ్లీ రాశాడు. ఆర్గానిక్ కెమిస్ట్రీ పిచ్చెక్కిస్తోంది, వింతలతో నిండిన కారడవిలా ఉంది, బయటికి దారి లేదు, లోపలికి అడుగుపెట్టాలంటేనే భయం వేస్తోంది అని. ఆర్గానిక్ చూసి భయపడే ప్రతి విద్యార్థికీ ఈ మాట చెప్పాలి. ఆ అడవికి తలుపు తీసినవాడే అలా రాశాడు.

ల్యాబ్‌కోటు:
లొసుగు మిగిలిందని చెప్పారు కదా, దాన్ని పూడ్చింది వోలర్ శిష్యుడు కోల్బే. 1845లో. కార్బన్, గంధకం కలిపి కార్బన్ డైసల్ఫైడ్. దాని మీద క్లోరిన్ పంపి కార్బన్ టెట్రాక్లోరైడ్. దాన్ని ఎర్రగా కాలిన గొట్టంలోంచి పంపి టెట్రాక్లోరోఇథిలీన్. దాన్ని నీళ్లలో క్లోరిన్‌తో ఎండలో పెడితే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం. అందులో క్లోరిన్ తీసి హైడ్రోజన్ పెడితే ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ పులుపు. మొదట్లో ఉన్నది కార్బన్, చివర్లో వెనిగర్, మధ్యలో రక్తమూ కొమ్మూ గిట్టా ఏవీ లేవు. ఆ పత్రంలోనే కోల్బే "సింథసిస్" అన్న మాట ఈ అర్థంలో వాడాడు.

ఆ తర్వాత ఫ్రాన్స్‌లో బెర్తెలో దీన్నే జీవితకాల పనిగా పెట్టుకున్నాడు. కార్బన్ మోనాక్సైడ్ నుంచి ఫార్మిక్ ఆమ్లం, ఇథిలీన్ నుంచి ఆల్కహాల్, 1862లో హైడ్రోజన్ నింపిన పాత్రలో రెండు కార్బన్ కడ్డీల మధ్య విద్యుత్ చాపం వెలిగించి ఎసిటిలీన్. నేరుగా రెండు మూలకాల నుంచి! జెరార్డ్ మాటకు ఇదీ జవాబు: రసాయనవేత్త కట్టగలడు కూడా.

పాతపుస్తకం:
ఇక రైతుబిడ్డ గారి ప్రశ్నకు. 1848లో గ్మెలిన్, సేంద్రియ పదార్థాల్లో లేకుండా కుదరని మూలకం కార్బన్ ఒక్కటే అన్నాడు. ఈయన హైడెల్‌బర్గ్‌లో వోలర్‌కి గురువు, డాక్టరు వృత్తిలోకి వెళ్లకుండా కెమిస్ట్రీ వైపు తిప్పింది ఈయనే. 1858లో కెకూలే, కూపర్ ఎవరికి వారుగా కార్బన్‌కి నాలుగు చేతులు ఉన్నాయని, అవి ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కట్టగలవని చెప్పారు. 1861లో కెకూలే తన పాఠ్యపుస్తకంలో సూటిగా రాశాడు: ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే కార్బన్ సమ్మేళనాల రసాయనం. జీవులకు దానికి ప్రత్యేక సంబంధం ఏమీ లేదు, కార్బన్ సమ్మేళనాలు మరీ ఎక్కువ కాబట్టి విడిగా చదువుకుంటున్నాం, అంతే.

రైతుబిడ్డ:
అయితే సున్నపురాయిలో కార్బన్ లేదా? బొగ్గుపులుసు గాలిలో? వంట సోడాలో? వాటిని ఎందుకు వదిలేశారు? పుట్టుకతో పని లేదంటూనే, రాతిలో పుట్టిందని సున్నపురాయిని పక్కన పెట్టారు. ఇది నాకు న్యాయంగా అనిపించడం లేదు.

ల్యాబ్‌కోటు:
మీరు పట్టుకున్నది నిజమైన చిక్కే. కార్బొనేట్లు, కార్బన్ ఆక్సైడ్లు, సయనైడ్లు, కార్బైడ్లు అన్నీ ఇప్పటికీ అలవాటు కొద్దీ అవతల గట్టు మీదే ఉన్నాయి. మాంచెస్టర్‌లో 1874లో ఆర్గానిక్ కెమిస్ట్రీకి ప్రత్యేక ప్రొఫెసర్ అయిన షోర్లెమర్ దీన్ని సరిచేయబోయాడు. హైడ్రోకార్బన్లు, వాటి ఉత్పన్నాలు అన్నాడు. మన పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఈ నిర్వచనమే. ఇంటర్నెట్‌లో ఇంకొకటి తిరుగుతోంది: కార్బన్-హైడ్రోజన్ బంధం ఉంటేనే ఆర్గానిక్ అని.

ఈ చివరిది నేను ఒప్పుకోను. ఎందుకంటే యూరియాలో కార్బన్‌కి హైడ్రోజన్ అంటుకుని లేదు. నాలుగు హైడ్రోజన్లూ నైట్రోజన్ల మీదే ఉన్నాయి. ఆ లెక్కన ఆర్గానిక్ కెమిస్ట్రీ చరిత్ర మొదలుపెట్టిన పదార్థమే ఆర్గానిక్ కాకుండా పోతుంది! ఆక్సాలిక్ ఆమ్లమూ పోతుంది.

నీలిరంగు:
చర్చ చూస్తూ ఉన్నాను, ఒక్కటి కలుపుతాను. మా తాతల కాలానికి ముందు కడప, నెల్లూరు జిల్లాల్లో నీలిమందు సాగు చాలా ఉండేది. ఆకును తొట్లలో నానబెట్టి పులియబెట్టి రంగు తీసేవాళ్లు. 1880లో బేయర్ అదే నీలిమందును ప్రయోగశాలలో చేశాడు, 1897లో జర్మన్ కంపెనీ బాస్ఫ్ దాన్ని మార్కెట్లోకి దించింది. ఆకు నుంచి వచ్చినా కొలిమి నుంచి వచ్చినా రంగు అణువు ఒకటే. కొన్నేళ్లలోనే మన దేశంలో నీలిమందు సాగు కుప్పకూలింది. "ఎక్కడ పుట్టిందో అనవసరం, లోపల ఏముందో చాలు" అన్న కెకూలే మాట కెమిస్ట్రీకి సరిపోతుంది. పండించిన వాడికి మాత్రం ఎక్కడ పుట్టిందన్నదే బతుకు. అందుకే రైతుబిడ్డ గారి పట్టుదల నాకు అర్థమవుతుంది.

పాతపుస్తకం:
వ్యవసాయంలోని "ఆర్గానిక్" కూడా వేరే దారిలో వచ్చిన మాటే. 1940లో ఇంగ్లండ్‌లో లార్డ్ నార్త్‌బోర్న్ పొలాన్ని ఒక ప్రాణిలా, ఒక్క దేహంలా చూడాలన్న అర్థంలో ఆ మాట వాడాడు. కెకూలే కార్బన్‌తో దానికి సంబంధం లేదు, అది బెర్జీలియస్ అవయవాలకు దగ్గర చుట్టం. ఇంకో విశేషం. మొక్కకు ఖనిజ లవణాలు చాలు అని రసాయన ఎరువులకు పునాది వేసిన 1840 నాటి పుస్తకం లీబిగ్‌ది. దాని పేరులోనే ఉంది, వ్యవసాయానికి అన్వయించిన ఆర్గానిక్ కెమిస్ట్రీ అని.

రైతుబిడ్డ:
ఇది బాగుంది. అంటే నేను అంటున్నది 1806 మాట, టీచర్ గారు క్లాసులో చెప్పింది 1861 మాట. ఒకరిది తప్పు అనక్కర్లేదు. కానీ ఒక్క మనవి టీచర్ గారూ: కెమిస్ట్రీ క్లాసులో "కర్బన సమ్మేళనం" అనండి, "సేంద్రియ" మాకు వదిలేయండి.

సుద్దముక్క:
సోమవారం క్లాసు అయింది, చెప్పాలని వచ్చాను. మొదట "స + ఇంద్రియ" రాశాను, తర్వాత వోలర్ గిన్నె, చివర కెకూలే. రైతుబిడ్డ గారి సలహా పాటించి యూరియాను కర్బన సమ్మేళనం అన్నాను. ఆ అమ్మాయి నోట్సులో రెండు గడులు గీసుకుంది: "ఎక్కడ పుట్టింది", "లోపల ఏముంది". యూరియాను మొదటి గడిలో రసాయనం అని, రెండో గడిలో కర్బనం అని రాసుకుంది. నేను చెప్పలేదు, తనే రాసుకుంది.

బెల్లు కొట్టాక నా దగ్గరికి వచ్చి ఇంకోటి అడిగింది. "మామిడికాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకూడదు అంటారు కదా టీచర్, అందులోనూ కార్బన్ ఉంది కదా, అది ఏ గడిలో?" అని. రేపు చెబుతానన్నాను.

ల్యాబ్‌కోటు:
అక్కా, ఆ పిల్ల సరిగ్గా గట్టు మీద నిలబడి అడిగింది! పొడిగా ఉన్న కాల్షియం కార్బైడ్ నిరింద్రియం, రాయి లాంటిదే. తడి తగిలిన క్షణంలో ఎసిటిలీన్ వాయువు వస్తుంది, అది అచ్చమైన హైడ్రోకార్బన్. పండు తనంతట తాను మగ్గేటప్పుడు వదిలే ఇథిలీన్‌కి ఇది దగ్గర చుట్టం కాబట్టే కాయ రంగు తిరుగుతుంది. మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి, అందుకే దాంతో పండ్లు మగ్గించడం నిషేధం. ఇది కూడా తప్పకుండా చెప్పండి.

ఇంకొకటి. కాల్షియం కార్బైడ్‌ని మొదట చేసి, దాన్ని నీళ్లలో వేస్తే ఎసిటిలీన్ వస్తుందని 1862లో చూపింది ఎవరో తెలుసా? గొట్టింగెన్‌లో, అరవై ఏళ్లు దాటిన వోలర్.

సుద్దముక్క:
అదే వోలరా! రేపు మొదటి పీరియడే పదో తరగతి.